అయిదో స్థానానికి వాటాదార్లు

ముందుగా ఒక చిన్న ప్రశ్న. 2022 మార్చి 18న అట్లాంటాలో, జార్జియా టెక్ ఈతకొలనులో, అమెరికా కాలేజీ అమ్మాయిల 200 గజాల ఫ్రీస్టైల్ ఫైనల్ జరిగింది. ఎవరు గెలిచారు?

తెలీదా? సిగ్గుపడకండి. అమెరికావాళ్ళనడిగినా బుర్ర గోక్కుంటారు. అదే పోటీలో అయిదో స్థానం ఎవరిదని అడిగి చూడండి. సెనేటర్లు చెబుతారు, గవర్నర్లు చెబుతారు, టీవీ యాంకర్లు నిద్రలో లేపినా చెబుతారు. పరుగుపందెంలోనైనా పద్యాల పోటీలోనైనా మొదటి స్థానాన్ని గుర్తుపెట్టుకోవడం లోకాచారం. అయిదో స్థానం పేరు మీద ఏకంగా చట్టమే రాసిపెట్టిన పోటీ, నాకు తెలిసి, ఇదొక్కటే.

గెలిచినమ్మాయి పేరు చివర చెబుతాను. ఎదురుచూడటం ఆమెకు అలవాటే.

కథ ఇదీ. కెంటకీ విశ్వవిద్యాలయం తరఫున ఈదిన రైలీ గెయిన్స్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తరఫున ఈదిన లియా థామస్, ఆ రోజు ఒకేసారి గోడ తాకారు. గడియారం ఇద్దరికీ 1 నిమిషం 43.40 సెకన్లు చూపించింది. సెకనులో నూరో వంతు కూడా తేడా లేదు. ఇద్దరిదీ అయిదో స్థానమే. లియా ట్రాన్స్ మహిళ. అంతకుముందు మూడు సీజన్లు అదే విశ్వవిద్యాలయం మగవాళ్ళ జట్టులో ఈదింది. ముందురోజే 500 గజాల పోటీ గెలిచి దేశమంతా గగ్గోలు పుట్టించింది. రెండోరోజు మాత్రం అయిదో స్థానంతో సరిపెట్టుకుంది.

ఇక్కడ నిర్వాహకులకు ఒక చిక్కొచ్చింది. అయిదో స్థానానికి ట్రోఫీ ఒక్కటే ఉంది. ఫొటోకి అది లియా చేతిలో ఉండాలి, నీది తర్వాత తపాలాలో పంపుతాం, ప్రస్తుతానికి ఈ ఆరోది పట్టుకుని నిలబడమ్మా అన్నారని గెయిన్స్ చెబుతుంది. పంక్తిలో కూర్చోబెట్టాక విస్తరి తక్కువైందన్నట్టుంది వ్యవహారం. అమెరికా కాలేజీ ఆటలను నడుపుతూ వేలకోట్ల టీవీ హక్కులమ్ముకునే ఎన్‌సీఏఏ అనే సంస్థకు, ఇద్దరు సమానంగా రావచ్చన్న ఊహ తట్టలేదు. రెండు ట్రోఫీలు చేయించి ఉంటే, ఈ వ్యాసం అవసరం పడేదో లేదో.

గెయిన్స్‌కు ఒళ్ళు మండింది. మండదా మరి? చిన్నప్పటినుంచీ తెల్లారుజామున లేచి, క్లోరిన్ నీళ్ళలో కళ్ళు ఎర్రబడేలా ఈది, చివరికి పక్కవాళ్ళ ట్రోఫీ పట్టుకుని నవ్వమంటే ఎవరికైనా మండుతుంది. పళ్ళ డాక్టరు కావాలన్నది ఆ పిల్ల ఆలోచన. ఆ ఆలోచన ఆ కొలను గట్టునే ఆగిపోయింది. నోటి వైద్యం చేయాల్సిన పిల్ల నోటి వాటంతో దేశాన్నే తిప్పింది.

ఆ మంట కనబడగానే వాటాదార్లు దిగారు. కట్టెలు వాళ్ళవే, కుండ వాళ్ళదే, వంట కూడా వాళ్ళదే. మంట ఒక్కటే ఆ పిల్లది. ఆ ఆగస్టులోనే డాలస్‌లో మితవాదుల మహాసభలో ట్రంప్ ఆమెను వేదిక మీదికి పిలిచారు. ఎన్నికలొచ్చేసరికి జార్జియాలో సెనేట్ సీటుకు నిలబడ్డ హెర్షెల్ వాకర్ ప్రచార ప్రకటనలో కనిపించింది. తర్వాత పాడ్‌కాస్ట్ వచ్చింది. 2023లో లీడర్‌షిప్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఆమె పేరుతోనే ఒక కేంద్రం తెరిచింది. 2024లో ఎన్‌సీఏఏ మీద దావా పడింది, పుస్తకమూ అచ్చయింది. 2025 ఏప్రిల్‌లో జార్జియా గవర్నర్ ‘రైలీ గెయిన్స్ చట్టం’ మీద సంతకం పెట్టారు. ఈతలో మూడేళ్ళలో రాని వేగం ఇది. మన దగ్గర ఒకమ్మాయి పేరు వీధికి పెట్టాలన్నా మున్సిపాలిటీలో నాలుగు తీర్మానాలు కావాలి.

ఈ మాటకు గెయిన్స్‌ను తప్పుపట్టే అటువైపువాళ్ళు చప్పట్లు కొట్టకముందే వాళ్ళ లెక్క కూడా తేల్చాలి. యవ్వనంలో మగ శరీరంలో పెరిగే ఎత్తు, అరచెయ్యి, ఊపిరితిత్తులు తర్వాత మందులతో వెనక్కి పోతాయా, ఆ ఆధిక్యం ఈత పోటీలో న్యాయమేనా అన్నది నిఖార్సైన ప్రశ్నే. ప్రపంచ ఈత సమాఖ్య 2022 జూన్‌లో కూర్చుని చర్చించి, మగ యవ్వనం గుండా వచ్చినవాళ్ళు మహిళల విభాగంలో పోటీకి తగరని నియమం పెట్టింది. ఒప్పుకునేవాళ్ళున్నారు, ఒప్పుకోనివాళ్ళున్నారు. ఇద్దరూ మనుషులే. కానీ ప్రశ్న అడగడమే పాపమని కొందరు తీర్మానించారు. 2023 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయంలో గెయిన్స్ మాట్లాడి బయటకు రాబోతే విద్యార్థులు చుట్టుముట్టారు. తనను కొట్టారని ఆమె చెప్పింది. పోలీసులు గదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు, మూడు గంటలకు గానీ బయటపడలేదు. తర్వాత ఆ విశ్వవిద్యాలయం పెద్దొకరు విద్యార్థులకు ఉత్తరం రాస్తూ, ఆ సాయంత్రం శాంతియుతంగా పాల్గొన్నవారికి కృతజ్ఞతలు చెప్పారు. ఆ ఉత్తరం చదివాక గెయిన్స్‌కు ఎంతమంది కొత్త అభిమానులు పుట్టి ఉంటారో ఆ పెద్దలే ఊహించుకోవాలి. ఎదుటివాళ్ళ కొట్టుకు ఇంత మంచి సరుకు ఉచితంగా అందించే దాతలు అరుదు.

సరే, న్యాయమైన ప్రశ్న ఉంది, ప్రశ్న అడిగిన పిల్లకు అన్యాయమూ జరిగింది. ఒప్పుకున్నాం. ఇప్పుడు అసలు ఆరోపణకు వద్దాం. ఆరోపణ గెయిన్స్ మీద కాదు. ఆమె భుజం మీద తుపాకీ పెట్టి ‘మహిళా క్రీడలను మేమే కాపాడుతున్నాం’ అని కాల్చేవాళ్ళ మీద. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆపద ఎంతటిదో ముందు చూద్దాం. 2024 డిసెంబరులో ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్‌ను సెనేట్ కమిటీ ముందు కూర్చోబెట్టి అడిగారు: అయ్యా, మీ కాలేజీల్లో క్రీడాకారులెంతమంది? 5,10,000 అన్నారు. అందులో ట్రాన్స్ క్రీడాకారులు? తనకు తెలిసి పదిమంది కన్నా తక్కువ అన్నారు. పదిమందైనా నియమం కావాలంటారా? కావాలి, రాసుకోండి. ఈత సమాఖ్య రాసుకోలేదూ? కానీ పదిమందిలోపు మనుషుల కోసం ఒక దేశం ఎన్నికల ప్రకటనల్లో కోట్ల డాలర్లు గుమ్మరించడాన్ని నియమం అనరు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు. ఇక్కడైతే పిచ్చుక కన్నా అస్త్రం అమ్మినవాడి లాభమే పెద్దది.

ఇంతకీ ఈ రక్షకులకు ఆడపిల్లల ఆటల మీద ప్రేమ ఎప్పుడు పుట్టింది? 2021 మార్చికి మాత్రం ఇంకా పుట్టలేదు. ఆ నెల కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ పోటీలకు మగపిల్లల జట్లు ఇండియానాపొలిస్‌లో, ఆడపిల్లల జట్లు శాన్ ఆంటోనియోలో దిగాయి. మగపిల్లలకు హాలునిండా వ్యాయామ యంత్రాలు. ఆడపిల్లలకు ఒక చిన్న స్టాండు మీద కొన్ని డంబెల్స్, కాసిని యోగా చాపలు. ఇదేమిటయ్యా అంటే చోటు లేదన్నారు. ఆరెగాన్ జట్టులో ఆడే సెడోనా ప్రిన్స్ ఫోను తీసి, డంబెల్స్ నుంచి కెమెరా మెల్లగా తిప్పి, ఆ పక్కనే బోసిగా పడి ఉన్న పెద్ద హాలంతా చూపించింది. చోటు బోలెడంత ఉంది. లేనిది ఉద్దేశం. ఆ పోటీలకు ‘మార్చి మ్యాడ్‌నెస్’ అని పేరు. ఆ పేరు కూడా అప్పటిదాకా మగపిల్లలకే రాసిచ్చారు. ఆడపిల్లలు వాడుకోవడానికి 2022 దాకా ఆగాల్సొచ్చింది. ఆట ఒకటే, నెల ఒకటే, పిచ్చి మాత్రం మగవాళ్ళ సొత్తు! అప్పుడు ఏ గవర్నరూ ‘సెడోనా ప్రిన్స్ చట్టం’ మీద సంతకం పెట్టలేదు.

అది పాత కథ అంటారా, కొత్తది చెబుతాను. 2025 ఫిబ్రవరి 5. అమెరికాలో ఆడపిల్లల క్రీడా దినోత్సవం. శ్వేతసౌధంలో పెద్ద హాలు. అధ్యక్షుడు ట్రంప్ చుట్టూ ఆటల దుస్తుల్లో చిన్నారి పాపలు. గెయిన్స్ కూడా ఉంది. ‘మహిళల క్రీడల్లోంచి మగవాళ్ళను దూరంగా ఉంచడం’ అన్న ఉత్తర్వు మీద సంతకం పడింది. పాపల చేతికి పెన్నులందాయి, కెమెరాలు మెరిశాయి. మర్నాడే ఎన్‌సీఏఏ తన నియమం మార్చుకుంది. పదిమందిలోపు మనుషుల సమస్య ఒక్క రాత్రిలో పరిష్కారం.

ఇప్పుడు ఫిబ్రవరి 12. సరిగ్గా వారం. కెమెరాలు లేవు, పాపలు లేరు. అమెరికా విద్యాశాఖ ఒక కాగితం వెనక్కి తీసుకుంది. ఆ కాగితంలో ఏముంది? కాలేజీలు తమ ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచడం మొదలుపెడితే, చదువుల్లో ఆడామగా వివక్ష కూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఆడపిల్లలకూ తగిన వాటా ఇవ్వాల్సిందేనని ఉంది. పాత ప్రభుత్వం దిగిపోతూ జనవరిలో రాసిపెట్టింది. కొత్త ప్రభుత్వం వచ్చి, టైటిల్ నైన్‌లో అలాంటిదేమీ లేదు పొమ్మంది. డబ్బేమైనా చిల్లరా? ఆ జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో కాలేజీ తొలి ఏడాదే 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచుకోవచ్చు. పాత బాకీల కింద దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి, అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడిన మగపిల్లలకే. ఇదేం పంపకమని కొందరు అమ్మాయిలు అప్పీలుకెక్కారు.

చూశారా వరస? ఫిబ్రవరి 5న ఆడపిల్లల కొలనులోంచి మగవాళ్ళను తరిమేశారు. 12న ఆడపిల్లల డబ్బు మగవాళ్ళ జేబులోకి దారి వేశారు. గుమ్మానికి తాళం వేసి, తాళంచెవి ఫొటో తీయించుకుని, గోడకు కన్నం పెట్టినట్టుంది. ఈతకొలనులో ఒక అయిదో స్థానం పోతే ఆకాశం విరిగిపడుతుంది. ఆడపిల్లల వాటా కోట్ల డాలర్లు పోతే అది మార్కెట్టు! ఆ రోజు పెన్నులు పట్టుకెళ్ళిన పాపలు రేపు కాలేజీకి వెళ్ళి, మా వాటా ఏదని అడుగుతారు. అదే పెన్నుతో అర్జీ రాసుకోమంటారేమో.

ఇంకా ఉంది. డబ్బు పోతే పోయింది, పరువన్నా మిగలాలి కదా.

ఉటా రాష్ట్రానికి వెళ్దాం. 2022లో అక్కడి గవర్నర్ స్పెన్సర్ కాక్స్, రిపబ్లికన్ పార్టీవాడే, ట్రాన్స్ అమ్మాయిలను ఆటల్లోంచి నిషేధించే బిల్లును తిప్పికొడుతూ లెక్క చెప్పాడు: మా రాష్ట్రంలో హైస్కూలు స్థాయిలో ఆడే పిల్లలు 75,000 మంది, అందులో ట్రాన్స్ పిల్లలు నలుగురు, వాళ్ళలో అమ్మాయిల జట్టులో ఆడుతున్నది ఒక్కరు. ఒక్కరి కోసం ఇంతా? వారం తిరక్కుండా శాసనసభ ఆయన మాట కాదని బిల్లును నెగ్గించుకుంది. ఆ ఆగస్టులోనే మరో సంగతి బయటపడింది. అంతకుముందు జరిగిన ఒక పోటీలో ఒక హైస్కూలు అమ్మాయి అందర్నీ చాలా వెనక వదిలేసి గెలిచింది. రెండో స్థానం, మూడో స్థానం వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు: ఆ గెలిచింది అమ్మాయేనా?

ఆటల సంఘంవారు గూఢచారి పని మొదలుపెట్టారు. ఆ పిల్లకు చెప్పలేదు, ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. బడి రికార్డులు తీశారు. హైస్కూలు, మిడిల్ స్కూలు, ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి, కిండర్‌గార్టెన్ దాకా పోయారు. పలకా బలపం పట్టిన రోజు నుంచీ ఆ పిల్ల ఆడపిల్లే. దొరికింది అంతే. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనకెప్పటినుంచో ఉంది. మద్దెల ఓడని తేలకపోతే మద్దెల పుట్టు పూర్వోత్తరాలు తవ్వించవచ్చన్న తెలివి మాత్రం మన పూర్వీకులకు తట్టలేదు. అమ్మాయిల్లా కనబడటంలేదని ఇంకా ఫిర్యాదులు వచ్చాయని సంఘమే చెప్పింది. రేపు జుట్టు పొట్టిగా ఉన్న పిల్ల, భుజాలు గట్టిగా ఉన్న పిల్ల, చకచకా పరుగెత్తే పిల్ల, తన ఆడతనానికి రేషను కార్డు చూపించాలి కాబోలు.

ఇదంతా అమెరికా భాగోతం, మనకెందుకులే అని దిండు సర్దుకోబోతున్నారా? ఆగండి. ఈ గాలి చైనాలోని హాంగ్‌జౌ దాకా వీచింది, వీచి తెలుగుపిల్లనే తాకింది.

2023 అక్టోబరు, ఆసియా క్రీడలు. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు ఆటలు: పరుగు, దూకుడు, విసురు, మళ్ళీ పరుగు. ఒంట్లో ఉన్న శక్తంతా పిండేస్తుంది. అందులో మన అగసార నందిని కాంస్యం గెలిచింది. తండ్రి టీ అమ్మి పెంచిన పిల్ల, తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. 5712 పాయింట్లు. నాలుగో స్థానం వచ్చింది కూడా మన దేశం పిల్లే, బెంగాల్ నుంచి స్వప్నా బర్మన్, 5708 పాయింట్లు. నాలుగు పాయింట్ల తేడా. స్వప్న సామాన్యురాలేం కాదు. రిక్షా తొక్కిన తండ్రి కూతురు, కాలికి ఆరేసి వేళ్ళున్నా సరైన బూట్లు లేకుండానే పరుగెత్తి 2018లో ఇదే ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన పిల్ల. అటువంటి మనిషి, ఓటమి దుఃఖంలో, సామాజిక మాధ్యమంలో రాసేసింది: నా పతకం ట్రాన్స్‌జెండర్ చేతిలో పోయింది, నా పతకం నాకిప్పించండి!

ఎక్కడిదా మాట? స్వప్న ఊళ్ళో పుట్టిన మాట కాదు. కొలను గట్టున పుట్టి, సముద్రాలు దాటి, ఓడిన ప్రతి నోటికీ తయారుగా అందుబాటులో ఉన్న మాట. ట్రాన్స్ మహిళలను మహిళల విభాగంలోంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య అప్పటికే ఆ ఏడాది మార్చిలోనే నిషేధించింది. అంటే తలుపు మూసి గడియ పెట్టి ఆరు నెలలైంది. అయినా అనుమానం లోపలికొచ్చింది. నేనేమిటో నాకు తెలుసు, రుజువుంటే చూపించమంది నందిని. స్వప్న ఆ రాత తీసేసి క్షమాపణ చెప్పింది. టీ కొట్టు కూతురికీ రిక్షా కూతురికీ మధ్య ఇంతకన్నా మంచి మాటలు ఎన్నో ఉండాల్సింది. ఇద్దరూ ఏ దారిన వచ్చారో ఇద్దరికే తెలుసు. మధ్యలో దూరినది ఎవరి సరుకో వాళ్ళకూ తెలిసి ఉండదు.

ఆ పతకం తెచ్చిన పిల్లకు మనం పూలదండ వేశామా, వేశాం. దండ మెడలో పడేలోపే అనుమానం పడింది. గూగుల్‌లో ఆమె పేరు కొట్టి చూడండి, పతకం పక్కనే ఆ నింద కూడా తగులుతుంది. క్షమాపణకు అంత నడక ఉండదు.

ఇప్పుడు లెక్క కలుపుకోండి. ఆటలో ఓడిన ఆడపిల్ల రక్షకుల చేతిలో పడితే ఆమె కోపాన్ని వాళ్ళు ఎన్నికలకు వాడుకుంటారు. డబ్బులో వాటా అడిగిన ఆడపిల్లను మార్కెట్టుకు వదిలేస్తారు. గెలిచిన ఆడపిల్లకైతే ఈ ధర్మసత్రంలో రెండే గదులు. ఒకటి అనుమానం. ఉటా పిల్లకూ నందినికీ దక్కింది అదే. రెండోది మరుపు.

రెండో గదిలో ఉన్నమ్మాయి పేరు చెబుతానని మాటిచ్చాను. టేలర్ రక్. అప్పట్లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థిని, కెనడా దేశస్తురాలు, పదహారేళ్ళకే రియో ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచింది. ఆ రోజు అట్లాంటాలో 1 నిమిషం 41.12 సెకన్లలో గోడ తాకింది. లియా కన్నా, గెయిన్స్ కన్నా రెండు సెకన్లకు పైగా ముందు. ఈతలో రెండు సెకన్లంటే మనిషి పొడవు దాటి ఇంకా మిగిలే దూరం. మహిళా క్రీడలు ప్రమాదంలో పడ్డాయని లోకమంతా గగ్గోలు పెట్టిన ఆ రోజున, అదే నీళ్ళలో, ఒక ఆడపిల్ల అందర్నీ ఓడించి దర్జాగా గెలిచింది. కెమెరాలు ఎటు తిరిగి ఉన్నాయో మీకు తెలుసు.

ఆమెకు మాత్రం ట్రోఫీ తక్కువ కాలేదు. మొదటి స్థానానికి ఒకటి ఉంది, ఆమే తీసుకుంది.